చేపల డబ్బ దూది

"ఎవలు పెట్టిండ్రక్కా గీ రాళ్లు?"

కైనాత్ చేపల ట్యాంకు ఫిల్టర్ డబ్బ మూత తీసి, లోపటి బుట్టను పైకి గుంజి, గచ్చు మీద పరిచిన పాత పేపరు మీద బోర్లించింది. రింగులుండాల్సిన బుట్టలకెల్లి తాండూరు బండ ముక్కలు బొలబొల రాలినయి. వాటెనుక పాలోలె తెల్లటి నీళ్లు పారి సేటు కుర్చీ కిందికి పోయినయి.

పద్మారాణి గుడ్డ పట్టుకొని ఉరికింది. ఈ బండల ఫ్యాక్టరీ ఆఫీసుల ఊడ్సుడు, తుడ్సుడు, సేటుకు ఛాయ్ పెట్టుడు, చేపకు గింజలేసుడు అన్నీ ఆమె పనులే. ఫిల్టర్ కడుగుడు గూడ ఈ మధ్యనే ఆమె నెత్తి మీద పడ్డది. ఎట్ల కడగాల్నో ఎవలు చెప్పలే. కడుగుమన్నరు, కడిగింది.

"నేనే పెట్టిన," అన్నది గచ్చు తుడ్సుకుంట. "సగం రింగులు పలిగినయి. కొత్తయి తెప్పియ్యమంటే, మన కాడ రాయికి కరువా, రెండు ముక్కలు కడిగి అండ్లెయ్యి అన్నడు సేటు."

కైనాత్ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. వికారాబాద్ స్టేషన్ కాడ చేపల దుకాణం ఆ పిల్ల నాయినది. ఆయనకు మోకాళ్లు పట్టేసినంక, ఆఫీసులల్ల ఇండ్లల్ల ట్యాంకులు చూసేటందుకు తాండూరు దాంక బస్సెక్కి వచ్చేది కైనాతే. నవ్వుకుంటనే తిడుతది, తిట్టుకుంటనే పని నేర్పిస్తది.

"అరె అల్లా! గీ రాయి నీళ్లల్ల పొడి ఇడుస్తది అక్కా. అందుకే ట్యాంకు గట్ల తెల్లగైంది. చేపకు పడది. పొడి పోయి మొప్పలకు పట్టుకుంటది, ఊపిరాడది."

చేపకు పడదంట! పద్మారాణికి నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఈ గోడకు అవతల రేకుల షెడ్డుల ఆమె మొగడు బాలస్వామి పొద్దుగాల సంది అదే రాయి కోస్తున్నడు, అదే పొడి మింగుతున్నడు. ఆయనకు పడుతదో పడదో చూసేటందుకు వికారాబాద్ నుంచి ఎవలు బస్సెక్కి రాలే.

ట్యాంకుల చేప ఒక్కటే. చెయ్యంత పొడుగు, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలు. సేటు వేలు అద్దానికి పెడితే ఉరికొస్తది. తెల్ల నీళ్లల్ల దాని మొఖం వచ్చుకుంట పోవుకుంట కనబడుతున్నది.

"ఇటు చూడక్కా, మల్ల మల్ల చెప్ప," అన్నది కైనాత్. "నీళ్లు గీ పైపుల కెల్లి డబ్బ అడుగుకు పోతయి. అడుగుకెల్లి పైకెక్కుతయి. అందుకని అడుగు బుట్టల మొద్దు స్పాంజి. పెంట, తినక మిగిలిన గింజలు, పెద్ద చెత్తంత అదే పట్టుకోవాలె. దాని మీద సన్న స్పాంజి. దాని మీద రింగులు. అన్నిటికంటె పైన తెల్ల దూది."

"నేను దూదిని అడుగుకు పెట్టిన గదా."

"అందుకే గదా డబ్బ గుడగుడమన్నది! దూది సన్న చెత్తకు. దాన్ని ముందుగాల్నే పెడితే పెంటంత దానికే పట్టుకొని ముద్దయితది. ఇగ నీళ్లేడికెల్లి ఎక్కాలె?"

పాత రింగులల్ల పలగనియి ఏరి పద్మారాణి నల్లా కాడికి తీస్కపోతుంటె కైనాత్ చెయ్యి పట్టుకున్నది. "నక్కో అక్కా, నల్లా నీళ్లల్ల మందుంటది. ట్యాంకు నీళ్లే బకెట్ల పట్టి అండ్ల ముంచి తియ్యి. గీ రింగులకు సన్నసన్న బొక్కలున్నయి చూడు. అండ్ల కంటికి కనబడని పురుగులు బతుకుతయి. చేప ఉచ్చను తినేసేది అవే. అవి చస్తే చేప గూడ చస్తది."

"పురుగులకు గూడ గింత ఫికరా!" అన్నది పద్మారాణి.

కైనాత్ కొత్త రింగుల సంచి ఇప్పింది. పద్మారాణి ఒక్కొక్క బుట్ట తనే సర్దింది. మొద్దు స్పాంజిని పిండి, మూలలు మడత పడకుండ వేళ్లతోని సదును చేసి అడుగుకు దించింది. సన్న స్పాంజి దించింది. రింగులు గుప్పిళ్లతోని పోసి, బుట్టను జర కదిలించి సందులు లేకుండ చేసింది. దూదిని బుట్టకు సరిపోయేటట్లు కత్తెరతోని కోసి, చంటిపిల్లకు పక్కేసినట్లు మెత్తగ పరిచింది. మూత చుట్టూ ఉన్న రబ్బరును తడి చేసి కూసబెట్టి, నాలుగు దిక్కుల కొక్కేలు నొక్కింది. కైనాత్ పైపులు తిప్పి, స్విచ్చేసింది. డబ్బ ఒక్కసారి దగ్గినట్లయి, బుడగలు కక్కి, ఊకున్నది.

"ఇగ రేపు పొద్దుగాల చూడు," అని కైనాత్ మిగిలిన దూది చుట్టను బల్ల కిందికి తోసింది. "దూది మురికైతే పారేసి కొత్తది పెట్టు. అది మనకు అగ్గువనే."

ఆ పిల్ల బస్సుకు పోయినంక సేటు వచ్చిండు. కుమారస్వామి సేటు మంచోడని తాండూరుల పేరు. తిట్టడు, చెయ్యెత్తడు, మెల్లగ మాట్లాడుతడు. మెల్లగ మాట్లాడేటోని కాడ ఏదన్న అడుగుడు ఇంకింత కష్టం, అది అడిగినోళ్లకే తెలుస్తది. పద్మారాణి ఛాయ్ కప్పు బల్ల మీద పెట్టి పోకుండ నిలబడ్డది.

"ఏంది పద్మా?"

"సేటు, గేటు కాడ ముసలాయన వాళ్లూరు బంట్వారం పోయి మల్ల రాలే గదా. మా ఆయనను ఆడ కూసోబెట్టుండ్రి. గుట్ట మీది దవాఖానల డాక్టరమ్మ దుమ్ముల పని ఇడ్సిపెట్టుమన్నది. ఇడ్సిపెట్టకుంటె ఇగ మందులు గూడ పని చెయ్యవన్నది."

సేటు ఛాయ్ ఊదుకున్నడు. "బాలస్వామి చెయ్యి అసొంటి చెయ్యి ఇంకోటి లేదమ్మా నా కాడ. అంచు కోస్తే గీత గీసినట్లుంటది." ఇంకో గుక్క తాగిండు. "ఈ వారంల ఆఫీసరు వస్తున్నడు, కార్మికుల సంగతి చూసేటందుకు. ఆయన వచ్చి పోనీ, చూద్దాం. ముందుగాల గా ట్యాంకు సక్కగ చెయ్యి."

చూద్దాం అన్నడు. కాదనలే. పద్మారాణికి ఆ మాటనే మస్తనిపించింది.

పగటీలి బువ్వకు గంట కొట్టంగనే ఆమె టిఫిన్ డబ్బ పట్టుకొని షెడ్డుకు పోయింది. షెడ్డు లోపట ఏ మనిషి ఎవలో గుర్తు పట్టాలంటె దగ్గరికి పోవాలె. అందరికీ ఒక్కటే రంగు. బ్లేడు మీద నీళ్లు పోసే పైపు ఉన్నది గని, బోరెండినప్పటి సంది అది ఊకెనే ఏలాడుతున్నది, దాని మూతికి గూడ దుమ్ము పట్టింది. ఉన్న కొన్ని నీళ్లు పాలిష్ పట్టే మిషన్లకే పోతయి, లేకుంటే బండకు మెరుపు రాదు. కోసేటోళ్లకు పొడి బ్లేడే. ఎండిన రాయి మీద బ్లేడు పడితే లేచే పొగను చూస్తే పొయ్యి మీద పచ్చికట్టె పెట్టినట్లుంటది.

బాలస్వామి మొఖానికి కట్టుకున్న తువ్వాల ఇప్పి దులిపిండు. కనుబొమ్మలు, కంటి రెప్పలు తెల్లగున్నయి. నలభై దాటని మనిషి, చూస్తే తాత లెక్క కొడుతున్నడు. రెండు ముద్దలు తిని ఆగుతడు, ఊపిరి తీసుకుంటడు, మల్ల తింటడు. బువ్వ తినుడు గూడ ఒక పని అయింది ఆయనకు.

"సేటును అడిగిన," అన్నది పద్మారాణి.

ముద్ద నోటి కాడ ఆగింది. "ఏమన్నడు?"

"ఆఫీసరు పోయినంక చూద్దామన్నడు."

"చూద్దామన్నడా?" బాలస్వామి మొఖంల వెలుగొచ్చింది. "కాదనలే గదా?"

"కాదనలే."

"గేటు కాడైతే గాలి మంచిగుంటదే," అన్నడు. అంతల దగ్గొచ్చింది. దగ్గి దగ్గి, గోడ పట్టుకొని నిలబడి, పక్కకు ఉమ్మిండు. ఉమ్మిన దాన్ని కాలితోని మట్టి తోసి కప్పిండు, పెండ్లాం చూడొద్దని. ఆమె చూసింది.

తెల్లారి ఆఫీసు తాళం తీసి లైటేసిన పద్మారాణి ట్యాంకు ముంగట్నే ఆగిపోయింది. నీళ్లున్నట్లే లేవు. చేప గాలిల నిలబడ్డట్లున్నది. దాని రెక్కల మీది గీతలు, అడుగున ఒక్కొక్క గులకరాయి, అన్నీ కనబడుతున్నయి. డబ్బ తీసి చూస్తే పైనున్న దూది సన్నటి బూడిద రంగు పట్టుకొని ఉన్నది. ఆ పొడినంత గింత దూది పట్టుకున్నదా!

బల్ల కిందున్న చుట్టలకెల్లి ఒక ముక్క చింపి ముక్కుకు పెట్టుకొని ఊపిరి తీసింది. మంచిగ వచ్చింది. ఇంకోసారి తీసింది. గింత సులువు మాట ఇన్నొద్దులు ఎవలకు ఎందుకు తోయలేదని తనను తనే అడుగుకున్నది.

ఆ పొద్దు గూకకముందే ఇంటి గడప మీద కూసొని కుట్టింది. పాత నూలు చీర కొంగు రెండు పొరలు, నడుమ దూది, చెవులకు రవిక నాడాలు. బాలస్వామి మొఖానికి పెట్టి, ముక్కు కాడ సందు లేకుండ ఒక కుట్టు లోపలికి గుంజింది. చెంపల కాడ వదులైతే ఇప్పి మల్ల కుట్టింది. ఆయన చిన్నపిల్లగాని లెక్క మొఖం ముంగటికి పెట్టి కూసున్నడు.

"ఎట్లున్నది?"

"మస్తుగున్నది," అన్నడు లోపట్నుంచి. "చేపను చేసినవ్ గదే నన్ను."

మరునాడు షెడ్డుల నవ్వులే నవ్వులు. లారీలకు బండలెత్తే బాల్‌రాజ్ అయితే పని ఇడ్సిపెట్టి వచ్చిండు. మర్పల్లి నుంచి కొత్తగ వచ్చిన పిల్లగాడు, పెండ్లయి ఏడాది గూడ కాలే. "అన్నా, బాసింగం నెత్తికి కడతరు, నువ్వు ముక్కుకు కట్టుకున్నవేందే!" అన్నడు. బాలస్వామి కోపం చెయ్యలే. సాయంత్రం ఇంటికొచ్చి, "జర నయమున్నదే, దగ్గు తగ్గింది," అన్నడు. పద్మారాణి ఆ మాట కోసమే కాసుకొని ఉన్నది. ఆ రోజు కూరల ఆమెకు ఉప్పు ఎక్కువైంది తక్కువైంది తెల్వలే.

ఆ మాస్కు సేటు కంట పడనే పడ్డది. షెడ్డుల తిరుగుకుంట బాలస్వామి కాడ ఆగి, మాస్కును వేళ్లతోని పట్టి చూసి, "ఎక్కడిది?" అన్నడంట. పద్మారాణిని ఆఫీసుకు పిలిచిండ్రు. దూది దొంగతనం నెత్తి మీద పడుతదనుకుంటనే ఆమె పోయింది.

"చేపల డబ్బల పెట్టె దూదే గదా?" అన్నడు సేటు.

"మిగిలింది సేటు... ఒక్క ముక్క..."

"అరె, గంత భయమెందుకు? మంచి పని చేసినవ్." సేటు మొఖం నిజంగనే ఎలిగిపోతున్నది. "ఆఫీసరు వచ్చేది మాస్కులడిగేటందుకే. నేనేమో ఎట్ల చెయ్యాల్నని పరేషాన్ ల ఉన్న. కైనాత్ నాయిన షబ్బీర్ కు ఫోన్ కొడ్త, దూది చుట్టలు పంపిస్తడు. అందరికీ కుట్టు. ఛాయ్ పని ఇంకెవలన్న చూస్తరు."

పద్మారాణికి పానం లేచొచ్చింది. గిట్ల మంచి మొఖం మీదున్నప్పుడే అడగాలెననుకున్నది. "మరి మా ఆయన గేటు సంగతి సేటు..."

"ఇగ గేటెందుకమ్మా?" అన్నడు సేటు, అంతే మెల్లగ, అంతే ప్రేమగ. "దుమ్ము అని గదా నీ బాధ. దుమ్ముకు నువ్వే మందు కనిపెట్టినవ్. బాలస్వామి గూడ నయమున్నదని చెప్పిండు నాకు."

పద్మారాణి బయటికొచ్చింది. తన చేతులతోని తనే కుట్టి, మొగణ్ని ఆ మిషన్ కు కట్టేసినట్లయింది.

కుట్టుడైతే తప్పలే. ఆఫీసుల ఒక మూలకు కూసొని కుట్టింది. దూది చుట్టలు పట్టుకొని వచ్చిన కైనాత్ ముందుగాల ట్యాంకు చూసి, "వాహ్ అక్కా, నాకంటే మంచిగ సర్దినవ్!" అన్నది. అటెనుక కుప్పగ పడ్డ మాస్కులు చూసింది. చేతిలున్న చుట్ట కింద పెట్టలే.

"ఇవేంది?"

పద్మారాణి చెప్పింది.

"అక్కా, ఇది నీళ్లకు. గాలికి కాదు."

"నీళ్లల్ల పొడినంత పట్టుకున్నది గదనే. నేను కండ్లార చూసిన."

"ఒక్క దెబ్బకు పట్టుకున్నదా?" కైనాత్ ఆమె పక్కన కూలబడ్డది. "మోటరు అవే నీళ్లను దినమంత తిప్పుతనే ఉంటది. ఒకసారి తప్పించుకున్న పొడి ఇంకోసారి చిక్కుతది, అప్పుడు గాకుంటె మల్లోసారి. తిరిగి తిరిగి తేటగయితయి. మనిషి ఊపిరి గట్ల తిరుగుతదా? దూదిల కెల్లి పోయింది పోయినట్లే ఛాతిల కూసుంటది. గీ దుమ్ముకు వేరే మాస్కులుంటయి, గట్టియి. బ్లేడు మీద నీళ్లన్న పడాలె. నాకు గంతే తెలుసు అక్కా, నేను చేపల దుకాణపుదాన్ని."

"మా ఆయనకు దగ్గు తగ్గింది."

కైనాత్ లేచింది. దూది చుట్టలు బల్ల మీద పెట్టింది. పోయేటప్పుడు గడప కాడ ఆగి, "ఆయన మాస్కు ఇప్పి లోపట చూడు," అన్నది.

ఇంటికి పోయినంక పద్మారాణి ఆ మాస్కు కుట్లు ఇప్పింది. పై పొర తెల్లగ దుమ్ము కొట్టుకొని ఉన్నది, ఉంటదనుకున్నదే. దూది తీసింది. లోపటి పొర, ఆయన మూతికి తగిలే పొర, వేలు పెట్టి రాస్తే వేలంత తెల్లగయింది. తడిసిన కాడ దుమ్ము పిండి ముద్ద లెక్క గట్టి పడ్డది. ఆ గుడ్డను పట్టుకొని మొగని ముంగట నిలబడ్డది.

"నయమున్నదంటివి."

బాలస్వామి ఆ గుడ్డ దిక్కు చూడలే. "నువ్వు గంత కష్టపడి కుడితివి."

"నీకు తెలుసా?"

"ఉమ్మితే తెల్వదా? ఎప్పటి లెక్కనే పడుతున్నది," అన్నడు. "నీ మొఖం చూస్తే చెప్ప బుద్ధి గాలే."

పద్మారాణికి ఏడుపు పొంగుకొచ్చింది, దానెనుకనే కోపం పొంగుకొచ్చింది. ఆయన మీదనా, తన మీదనా, సేటు మీదనా, ఎవల మీదనో తేల్చుకోలే. ఆ గుడ్డను తీస్కపోయి పొయ్యిల పెట్టింది.

ఆఫీసరు వచ్చిన పొద్దు ఫ్యాక్టరీ గుర్తు పట్టనట్లయింది. తెల్లారకముందే నీళ్ల ట్యాంకరు వచ్చి నిలబడ్డది. ఏలాడే పైపులకు మూతులు కడిగిండ్రు. బ్లేడ్ల మీద నీళ్లు సన్నగ పడుతుంటె కోసిన రాయి నుంచి పొగ లేస్తలేదు, బూడిద రంగు బురద కాలువల జారిపోతున్నది. షెడ్డుల ఇవతలి మూలకెల్లి అవతలి మూల దాంక మనిషి మొఖం కనబడుతున్నది. అందరి ముక్కుకు తెల్ల మాస్కులు. గిట్ల గూడ చెయ్యొచ్చన్నట్లు! చెయ్యరాక గాదు, చెయ్యక అని పద్మారాణికి ఆ పొద్దు కండ్ల ముంగట కనబడ్డది.

ఆఫీసరు చిన్నోడే, మంచిగనే మాట్లాడిండు. ముందుగాల ట్యాంకు కాడ నిలబడి చేపను మెచ్చుకున్నడు. అటెనుక షెడ్డుకొచ్చిండు. కార్మికులను వరుసగ నిలబెట్టి సేటు మనిషి ఫోన్ల ఫోటోలు తీసిండు. బాల్‌రాజ్ పెండ్లాం జంగమ్మ బువ్వ డబ్బ పట్టుకొని వచ్చి, ఫోటోల మొగడు ఎట్ల పడుతున్నడో చూసుకుంట గోడ పక్కన నిలబడ్డది. పద్మారాణి ఛాయ్ కప్పులు పళ్లెంల పెట్టుకొని తెచ్చింది.

"ఈమెనే సార్ మాస్కులు కుట్టింది," అన్నడు సేటు.

"మంచి పని చేసినవమ్మా," అన్నడు ఆఫీసరు కప్పు అందుకుంట. "అందరికీ బాగున్నయా మరి?"

ఏదో ఒకటి అని పక్కకు తప్పుకోవాలె. ఆమె గూడ అదే అనుకున్నది. గని కప్పుల పళ్లెం కింద పెట్టి ఆఫీసరు దిక్కు తిరిగింది.

"ఇవి చేపల డబ్బల పెట్టె దూదివి సారు. దుమ్మును ఆపవు. లోపటి గుడ్డకు దుమ్ము పడుతున్నది, నేను ఇప్పి చూసిన. బ్లేడ్ల మీద నీళ్లు ఇయ్యాల్నే ఇడ్సిండ్రు, మీరొస్తరని. రోజు పొడి బ్లేడే."

మిషన్లు బందు పెట్టి ఉన్నయి గాబట్టి ఆ మాట అందరికీ ఇనబడ్డది. ఎవలు తలెత్తలే. బాల్‌రాజ్ కాలి బొటనవేలు తోని బురద గీకుతున్నడు.

సేటు నవ్విండు, కోపం లేకుండ. "మొగనికి గేటు డ్యూటీ ఇయ్యలేదని జర అలిగింది సార్. బాలస్వామీ, ఇటు రా. నీ పెండ్లాం గిట్లంటున్నది, ఏంది?"

బాలస్వామి ముంగటికి వచ్చిండు. ఆఫీసరు ఆయన దిక్కు తిరిగి, "నువ్వు చెప్పు. భయపడకు. ఆమె చెప్పింది నిజమేనా?" అని అడిగిండు. ఆ అడుగుట్ల కపటం లేదు. ఒక్క ఔనంటే ఆయన రాసుకునేటోడే.

బాలస్వామి మాస్కు గదువ కిందికి గుంజుకున్నడు. పెండ్లాన్ని చూసిండు. సేటును చూసిండు. సేటు మెల్లగ తల ఊపిండు, ఏం ఫికర్ లేదన్నట్లు.

"మంచిగున్నయి సారు మాస్కులు," అన్నడు బాలస్వామి. "నీళ్లు రోజు ఇడుస్తరు. ఆమెకు ఆఫీసు పని, షెడ్డు సంగతి తెల్వది."

అంటుంటనే దగ్గొచ్చింది. పెదవులు బిగబట్టి ఆపుకున్నడు. భుజాలు ఎగురుతున్నయి, కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి, మెడ నరాలు లేచినయి. ఆఫీసరు అటు తిరిగి పోయేదాంక ఆపుకొని, అప్పుడు మిషన్ చాటుకు పోయి దగ్గిండు.

ఆ సాయంత్రం బాలస్వామి ఇంటికి ఖాకీ అంగీ చంకల పెట్టుకొని వచ్చిండు, గేటు డ్యూటీది. సేటు తన చేతుల మీద ఇచ్చిండంట. అంగీని మంచం మీద పెట్టి, పెండ్లాం ఏమన్న అంటదేమోనని చూసిండు. ఆమె బియ్యం ఏరుకుంట తలెత్తలే.

"నువ్వు అడిగిందే గదా," అన్నడు.

"గిట్ల అడగలే నేను."

"మరెట్ల వస్తదనుకున్నవే?" బాలస్వామి గొంతు పెద్దగయింది. పెద్దగయితే ఊపిరి సాలలే, గోడకు ఆనుకొని కిందికి జారి కూసున్నడు. "నువ్వు చెప్పినట్లే నేను గూడ చెప్తే ఏమైతుండె? ఆయన రాసుకొని పోతడు. రేపు మనిద్దరం గేటు బయట ఉంటం. నాకు బతకాలనున్నది పద్మా. ఇంకిన్నొద్దులు ఊపిరి తీసుకోవాలనున్నది. తప్పా?"

ఆయన బతకాలనే గదా ఆమె గడపగడపకు మొక్కింది, సేటు ముంగట ఛాయ్ కప్పు పట్టుకొని నిలబడ్డది. బియ్యం చాట పక్కకు పెట్టి, ఖాకీ అంగీకి ఊడిన గుండీ ఉంటే దారం తెచ్చి కుట్టింది.

తెల్లారి ట్యాంకరు లేదు. పైపులు ఎప్పటి లెక్క ఎండిపోయి ఏలాడుతున్నయి. బాలస్వామి గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసున్నడు, లారీ వస్తే లేచి గేటు తీస్తున్నడు. పద్మారాణి ఆయన ముంగట్నుంచే లోపలికి పోయింది, ఆగలే. ఫిల్టర్ డబ్బ ఇప్పి, మురికైన దూది తీసి, కొత్త దూది కోసి పెడుతుంటె ఆఫీసు తలుపు కాడ జంగమ్మ వచ్చి నిలబడ్డది. మొఖం నవ్వుతున్నది.

"అక్కా, మా ఆయనను మిషన్ మీదికేసిండ్రు! మీ ఆయన జాగల. లారీకి బండలెత్తుడు తప్పింది, నడుం నొప్పి తప్పింది. ఒక మాస్కు జర మంచిగ కుట్టియ్యవా? దూది రెండు పొరలు పెట్టు."

పద్మారాణి చేతులు తుడ్సుకొని లేచింది. "అది పని చెయ్యది జంగమ్మా. నా మాట ఇను. దుమ్మంత లోపలికే పోతది. మీ ఆయన చిన్నోడు, మిషన్ ఎక్కనియ్యకు. బండలే ఎత్తుకోనీ."

జంగమ్మ నవ్వు ఆగింది. "పని చెయ్యదా? నిన్న ఆఫీసరు ముంగట మీ ఆయననే అన్నడు గదా మంచిగున్నయని? నేను ఆడనే ఉన్న, నా చెవులతోని ఇన్న."

"ఆయన అబద్ధం చెప్పిండు."

"ఎందుకు?"

"గేటు కోసం."

అన్నది. కట్టుకున్న మొగని మాట, నోరు ఇడ్సి పరాయిదానితోని అన్నది. జంగమ్మ ఆమె మొఖంల దేనికోసమో వెతికింది, ఏం దొరికిందో తెల్వది, మూతి ముడుసుకున్నది.

"మీ ఆయన దిగినంక మా ఆయన ఎక్కితే నీకు ఓర్వబుద్ధి అయితలేదు గదా. ఇయ్యననుకుంటె ఇయ్యనని చెప్పక్కా, గిట్ల మొగని మీద పెట్టకు." ట్యాంకు దిక్కు చెయ్యి చూపెట్టింది. "గా నీళ్లు చూడు! దానెనుక గోడ మీది కుంకుమ బొట్టు గూడ కనబడుతున్నది. గంత తేటగ చేసే దూది, దుమ్మును ఆపదంటె నమ్మాల్నా నేను?"

పద్మారాణి చెప్పబోయింది. నీళ్లు తిరుగుతయని, ఊపిరి తిరగదని, కైనాత్ చెప్పిన మాటలన్నీ నాలుక మీదికొచ్చినయి. జంగమ్మ అప్పటికే మూలకున్న సంచిల చెయ్యి పెట్టి, మిగిలిన మాస్కులల్ల ఒకటి తీసుకొని, దూది మందం వేళ్లతోని నలిపి చూసుకుంట షెడ్డు దిక్కు పోయింది. బాల్‌రాజ్ వంగితే తలెనుక నాడాలు ముడేసింది. వాడు ఏందో అన్నడు, ఇద్దరు నవ్విండ్రు.

పొడి బ్లేడు రాయి మీద పడ్డది. తెల్లటి పొగ లేచి గోడెక్కి, ఆఫీసు దిక్కు తిరిగింది. పద్మారాణి లేచి తలుపు పెట్టింది. తలుపు తీసి ఉంటే దుమ్ము ట్యాంకుల పడుతదని సేటు చెప్పిండు.